తూర్పు లండన్ వేసిన ఓట్లు
(అనీబిసెంట్: భారతదేశానికి రాకముందు – ధారావాహిక, ఆరో భాగం)

1888 ఆగస్టు నుంచి నవంబరు దాకా ప్రపంచంలోని పత్రికలన్నీ లండన్ నగరంలోని ఒకే మూల గురించి రాశాయి. వైట్‌ఛాపెల్‌లో, దాని చుట్టుపక్కల సందుల్లో పేద స్త్రీలను ఎవరో వరసగా చంపుతున్నారు. హంతకుడు దొరకలేదు. కానీ అతణ్ణి వెతుక్కుంటూ వెళ్లిన విలేకరుల కంట ఇంకొకటి పడింది: ఒక్కో గదిలో ఇరుక్కున్న రెండేసి కుటుంబాలు, వంతులవారీగా నిద్రపోయే సత్రాలు, చలికాలంలో చెప్పులు లేకుండా బడికి పోతున్న పిల్లలు. ఆ హత్యల్లో చివరిదిగా లెక్కించేది నవంబరు 9న జరిగింది. పదిహేడు రోజుల తర్వాత, నవంబరు 26న, అవే వీధుల్లో జనం ఓటు వేయడానికి బారులు తీరారు. అది పార్లమెంటు ఎన్నిక కాదు. లండన్ స్కూలు బోర్డు ఎన్నిక. ఆ పేటలన్నీ కలిసిన టవర్ హామ్లెట్స్ విభాగంలో నిలబడినవారిలో అనీబిసెంట్ ఒకరు.

గత భాగంలో ఆమెను బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల కర్మాగారం గేటు ముందు వదిలాం. వారానికి నాలుగు షిల్లింగుల కూలికి పనిచేసే పదహారేళ్ల పిల్ల గురించి, ఆ కూలిలోంచి కూడా కోసుకునే జరిమానాల గురించి, అదే సమయంలో వాటాదారులు పంచుకుంటున్న లాభాల గురించి జూన్ 23న ఆమె తన పత్రిక ‘ది లింక్’లో రాసింది. జూలైలో దాదాపు 1,400 మంది అమ్మాయిలు, స్త్రీలు పని ఆపేశారు. రెండు వారాల్లోనే యాజమాన్యం దిగివచ్చింది. ఆ సమ్మె గెలిచి నాలుగు నెలలైనా గడవకముందే ఆమె ఓట్లు అడగడానికి వచ్చింది. వచ్చింది కూడా ఆ అమ్మాయిలు కాపురం ఉండే వీధుల్లోకే.

ఈ ఎన్నికను ఆమె జీవితచరిత్రల్లో చాలావరకు ఒకటి రెండు పేజీల్లో దాటేస్తారు. ముందు సమ్మె, తర్వాత దివ్యజ్ఞాన సమాజం; ఈ రెంటి నడుమ ఒక చిన్న పదవి, అంతే. నేనలా దాటలేను. తర్వాత కాలంలో మన దేశంలో ఆమె పెట్టిన బడులనూ, నడిపిన ఉద్యమాలనూ అర్థం చేసుకోవాలంటే ఈ మూడేళ్ల దగ్గర ఆగాల్సిందే. ఆవేశంగా ఉపన్యాసాలు ఇచ్చే మనిషి పద్దులు, కాంట్రాక్టులు, కమిటీ నివేదికల మధ్య కూర్చుని పని నేర్చుకున్నది ఇక్కడే.

ముందుగా ఆ బోర్డు సంగతి. 1870లో ఇంగ్లండు పార్లమెంటు ప్రాథమిక విద్యా చట్టం చేసింది. చర్చిల బడులు చాలని చోట స్థానికులు బోర్డును ఎన్నుకోవాలి, ఆ బోర్డు ఇంటి పన్నులోంచి సొమ్ము తీసుకుని బడులు కట్టాలి. మన పెద్దవాళ్ల నోట నిన్నమొన్నటిదాకా వినిపించిన ‘జిల్లా బోర్డు హైస్కూలు’ కూడా స్థానిక పన్నుతో, స్థానిక బోర్డు చేతి కింద నడిచినదే కనుక, ఈ ఏర్పాటు తెలుగు పాఠకులకు మరీ కొత్తగా తోచదు. లండన్‌కు మొదట 49 మంది సభ్యులు, తర్వాత 55 మంది. నగరమంతటినీ కొన్ని విభాగాలుగా చీల్చారు. మూడేళ్లకొకసారి ఎన్నిక. సభ్యులకు జీతం లేదు. కానీ వాళ్ల చేతిలో ఉన్న డబ్బు, భవనాలు, ఉపాధ్యాయులు, పిల్లల సంఖ్య చూస్తే అంత పెద్ద విద్యా సంస్థ ఆనాడు దేశంలో మరొకటి లేదు.

ఈ చట్టం పెద్ద హడావుడి లేకుండా ఇంకో తలుపు తెరిచింది. పన్ను కట్టే ఒంటరి స్త్రీలు, వితంతువులు బోర్డు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. స్త్రీలు ఎవరైనా పోటీ చేయొచ్చు, ఆస్తి ఉండాలన్న నిబంధన లేదు. 1870 నవంబరులో జరిగిన తొలి ఎన్నికలో మార్లెబోన్ విభాగం నుంచి వైద్యురాలు ఎలిజబెత్ గారెట్ 47,858 ఓట్లతో అందరికంటే ముందు నిలిచింది. రెండో స్థానంలో ఉన్న ప్రఖ్యాత శాస్త్రవేత్త థామస్ హక్స్‌లీకి వచ్చినవి అందులో మూడో వంతు కూడా లేవు. గ్రీనిచ్ నుంచి ఎమిలీ డేవిస్ గెలిచింది. పార్లమెంటుకు ఓటు వేయడానికి ఇంగ్లండు స్త్రీలు 1918 దాకా ఎదురుచూశారు. బడి విషయానికి మాత్రం దాదాపు అర్ధశతాబ్ది ముందే వాళ్లు సభలో కూర్చున్నారు.

ఈ తలుపు ఎంత ఇరుకైనదో 1889 ఆరంభంలో తేలిపోయింది. కొత్తగా ఏర్పడిన లండన్ కౌంటీ కౌన్సిల్‌కు జరిగిన మొదటి ఎన్నికలో లేడీ శాండ్‌హర్స్ట్, జేన్ కాబ్డెన్ గెలిచారు. ఓడిపోయిన ప్రత్యర్థి కోర్టుకు వెళ్లాడు. స్త్రీ కౌన్సిలర్‌గా ఉండటానికి చట్టం ఒప్పుకోదని తీర్పు వచ్చింది, శాండ్‌హర్స్ట్ పదవి పోయింది. అదే నగరం, అదే చలికాలం. రోడ్లు, కాలువలు చూసే సభకు పనికిరాని స్త్రీ, బడులు చూసే సభకు పనికొచ్చింది. అనీబిసెంట్ స్కూలు బోర్డునే ఎంచుకోవడం వెనుక పిల్లల మీద ప్రేమ ఉంది, నిజమే. దానితోపాటు ఈ కఠినమైన లెక్క కూడా ఉంది. ఆమెకు ప్రజల ఓటుతో అధికారం దక్కగల చోట్లు చాలా తక్కువ.

ఓటు వేసే పద్ధతి కూడా విచిత్రమైనది. ఒక విభాగంలో ఎన్ని స్థానాలుంటే ఒక్కో ఓటరుకు అన్ని ఓట్లు. వాటిని పంచుకోవచ్చు, లేదా అన్నీ ఒక్కరికే కుమ్మరించవచ్చు. చిన్న వర్గాలకు కూడా బోర్డులో చోటు దొరకాలని పెట్టిన ఏర్పాటు ఇది. కాథలిక్కులు తమ మనిషిని గెలిపించుకోవడానికి దీన్ని చక్కగా వాడుకున్నారు. కార్మికులూ వాడుకోవచ్చునని సోషలిస్టులకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. టవర్ హామ్లెట్స్‌లో అయిదు స్థానాలు. అంటే గట్టిగా నమ్మిన ఒక్క ఓటరు ఒక అభ్యర్థికి అయిదు ఓట్ల బలం ఇవ్వగలడు. అందరికీ కాస్త కాస్త నచ్చే అభ్యర్థి కంటే, కొందరికి ప్రాణం అనిపించే అభ్యర్థికి ఇందులో లాభం ఎక్కువ. అనీబిసెంట్ ఆ రెండో రకం.

ఆమెను అసహ్యించుకునేవాళ్లు కూడా అంతే గట్టిగా అసహ్యించుకునేవారు. పాఠకులకు రెండు, మూడు భాగాల్లోని సంగతులు గుర్తుండే ఉంటాయి. మతగురువును పెళ్లాడి, విశ్వాసం పోగొట్టుకుని, ఇల్లు విడిచి వచ్చిన స్త్రీ. చార్లెస్ బ్రాడ్లాతో కలిసి నాస్తిక ప్రచారం చేసిన స్త్రీ. సంతాన నియంత్రణ గురించిన చిన్న పుస్తకాన్ని అచ్చువేసినందుకు 1877లో బోనెక్కిన స్త్రీ. శిక్ష పడింది. సాంకేతిక కారణంతో అది పై కోర్టులో కొట్టుకుపోయింది. కానీ 1878లో మరో న్యాయస్థానం, ఇలాంటి అభిప్రాయాలున్న తల్లి దగ్గర ఆడపిల్ల పెరగరాదని, ఆమె కూతురు మేబెల్‌ను తీసి తండ్రికి అప్పగించింది. తన బిడ్డనే పెంచడానికి తగదని కోర్టు తేల్చిన మనిషి, పదేళ్ల తర్వాత లండన్ పిల్లలందరి చదువు చూస్తానని ఓట్లు అడుగుతోంది. ప్రత్యర్థులకు ఇంతకంటే ఏం కావాలి?

ప్రచారం ఎలా సాగిందంటే, ఆమె జుట్టులో ఎర్ర రిబ్బను కట్టుకుని సభ తర్వాత సభకు తిరిగింది. అప్పటికి ఆమె ఫేబియన్ సంఘంలో ప్రముఖురాలు, హైండ్‌మన్ నడిపే సోషల్ డెమోక్రటిక్ ఫెడరేషన్‌లో కూడా చేరింది. ఆ రెంటి కార్యకర్తలతోపాటు తూర్పు లండన్‌లోని ర్యాడికల్ క్లబ్బులు కూడా ఆమె వెంట నడిచాయి. ఆమె ప్రకటనలో అన్నిటికంటే పెద్ద మాట ఆకలితో బడికొచ్చే పిల్ల ఉండకూడదన్నది. ఓటున్నవాళ్లు ఓటు వేయాలని, ఓటు లేనివాళ్లు తన కోసం పనిచేయాలని, బోర్డులో స్త్రీల అవసరం ఉన్నా నిలబడేవాళ్లు తక్కువగా ఉన్నారని ఆమె విజ్ఞప్తి చేసింది. ఆ విజ్ఞప్తిలో ‘ఓటు లేనివాళ్లు’ అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. అగ్గిపెట్టెల కర్మాగారం అమ్మాయిలు పన్ను కట్టే ఇంటియజమానులు కారు, చాలామందికి ఓటు వయసు కూడా లేదు. ఓటు లేకపోయినా ఎన్నికలో పాలు ఉంటుందని వాళ్లకు చెప్పిన అభ్యర్థి ఆమె.

ఎదుటి పక్షం ఊరుకోలేదు. స్టెప్నీ రెక్టరు ఎడ్విన్ హాస్కిన్స్ ఆమె నీతిని ఎత్తిచూపుతూ ఓటర్లకు ఒక కరపత్రం పంచాడు. పదకొండేళ్ల నాటి విచారణను తవ్వితీసి, ఇలాంటి స్త్రీ చేతిలో మీ పిల్లలను పెడతారా అన్న భయాన్ని ఇంటింటికీ చేర్చడం దాని పని. ఎన్నిక ముగిశాక ఆమె పరువునష్టం దావా వేసింది, కానీ ఆమె కోరిన తీర్పు దక్కలేదు. కోర్టులు ఆమెకు ఎప్పుడూ కలిసిరాలేదు. ఓటర్లు కలిసివచ్చారు.

లెక్క తేలేసరికి అనీబిసెంట్ 15 వేలకు పైగా ఓట్లతో టవర్ హామ్లెట్స్‌లో మొదటి స్థానంలో ఉంది. ఒక్కో ఓటరుకు అయిదు ఓట్లున్న పద్ధతి కనుక, ఇవి 15 వేలమంది మనుషులు కారు. అందరూ అయిదుకు అయిదూ ఆమెకే వేశారనుకుంటే మూడు వేల పైచిలుకు మంది. కొందరు పంచి వేసి ఉంటారు కాబట్టి అంతకంటే ఎక్కువే. ఎలా లెక్కవేసినా, వైట్‌ఛాపెల్, స్టెప్నీ, బో, పాప్లర్ వీధుల కూలీలు, చిన్న దుకాణదారులు, పన్ను కట్టే వితంతువులు కలిసి, పెద్దమనుషుల లోకం వెలివేసిన స్త్రీని తమ పిల్లల బడుల మీద కూర్చోబెట్టారు. పక్కనే ఉన్న హాక్నీ విభాగంలో ఆమె సోషలిస్టు సహచరుడు, చర్చి పెద్దలతో పడని మతాచార్యుడు స్టీవర్ట్ హెడ్లామ్ గెలిచాడు.

గెలిచాక ఆమె తన పాత పత్రిక ‘నేషనల్ రిఫార్మర్’లో ఒక మాట రాసింది. పదేళ్ల కిందట మతమౌఢ్యం క్రూరమైన చట్టం సాయంతో తన బిడ్డను లాక్కుందని, ఇప్పుడు లండన్‌లోని 7,63,680 మంది పిల్లల సంరక్షణలో తనకు భాగం దక్కిందని దాని భావం. అంకె కూడా అంత కచ్చితంగా రాసింది చూడండి. ఆ అంకెలోని ప్రతి ఒక్కటీ ఆమెకు ఒక మేబెల్. ఆ మేబెల్, అన్న డిగ్బీ ఇద్దరూ పెద్దవాళ్లయ్యాక తల్లి దగ్గరికే తిరిగివచ్చారు.

ఇక బోర్డులో పరిస్థితి. థేమ్స్ నది ఒడ్డున విక్టోరియా ఎంబాంక్‌మెంట్ మీదున్న భవనంలో సమావేశాలు. అధ్యక్షుడు జోసెఫ్ డిగిల్ అనే మతాచార్యుడు. 1885 నుంచి చర్చి పక్షం, పొదుపు పక్షం కలిసి ఆయన వెనుక ఉన్నాయి. పన్ను పెరగకూడదు, చర్చి బడులకు పోటీ రాకూడదు అన్నవి వాళ్ల రెండు సూత్రాలు. 1888 ఎన్నికల్లో కూడా మెజారిటీ వాళ్లదే. అనీబిసెంట్, హెడ్లామ్ మైనారిటీలో ఉన్నారు. ఈ పరిస్థితిలో ఏం సాధించగలరు?

మొదటిది చాలా వేగంగా సాధించారు. బోర్డు ఏటా భవనాలు కట్టించేది, పుస్తకాలు అచ్చువేయించేది, బల్లలు చేయించేది. కాంట్రాక్టు ఎప్పుడూ తక్కువ ధరకు కోట్ చేసినవాడికే. ఆ తక్కువ ధర పనివాళ్ల కూలి కోసి రాబట్టినదే. 1889 ఆరంభంలోనే, ఆ వృత్తిలో నడుస్తున్న న్యాయమైన కూలి ఇచ్చే సంస్థలకే బోర్డు పనులు ఇవ్వాలన్న తీర్మానం నెగ్గింది. ఇంగ్లండులో ఒక ప్రజాసంస్థ ఇలాంటి షరతు పెట్టడం అదే మొదలు. రెండేళ్లకు, 1891 ఫిబ్రవరిలో, పార్లమెంటు దిగువ సభ ప్రభుత్వ కాంట్రాక్టులకు కూడా న్యాయమైన కూలి తీర్మానం చేసింది. అగ్గిపెట్టెల కర్మాగారం గేటు దగ్గర అరిచి సాధించిన దాన్ని, ఇక్కడ టెండరు కాగితంలో ఒక వాక్యంగా రాయించి సాధించారు. నా దృష్టిలో ఆ మూడేళ్లలో ఆమె చేసిన అతి పెద్ద పని ఇదే. దీని గురించి ఎక్కువమంది చెప్పుకోరు.

రెండోది ఆకలి. దీని దగ్గర కాస్త నిలవాలి.

బోర్డు బడులు ఉచితం కావు. వారానికి ఒక పెన్నీ, రెండు పెన్నీలు, కొన్ని పేటల్లో అంతకంటే ఎక్కువ రుసుము వసూలు చేసేవారు. ఆనాటి మారకంలో పెన్నీ అంటే మన అణాకు కాస్త అటూ ఇటూ. గంటకు అయిదు పెన్నీల కూలి తీసుకునే రేవు కూలీకి, అదీ రోజూ పని దొరుకుతుందన్న భరోసా లేనివాడికి, ముగ్గురు పిల్లలు బడిలో ఉంటే ఆ పెన్నీలు రొట్టె లెక్కలోంచి రావలసిందే. పిల్లవాడు బడికి రాకపోతే బోర్డు మనిషి ఇంటికి వచ్చేవాడు. తర్వాత మేజిస్ట్రేటు ముందుకు పిలుపు, అయిదు షిల్లింగుల దాకా జరిమానా. బడిలో మరో చిక్కు ఉంది. పిల్లల హాజరును బట్టి, ఇన్‌స్పెక్టరు పెట్టే పరీక్షలో వాళ్లు ఎలా చదివారన్నదాన్ని బట్టి బడికి గ్రాంటు వచ్చేది. ఆకలితో కళ్లు మూతలు పడుతున్న పిల్లను కూర్చోబెట్టి లెక్కలు చేయించాల్సిన అవసరం పంతులమ్మకు అలా వచ్చింది. చదువు నిర్బంధం, రుసుము నిర్బంధం, పరీక్ష నిర్బంధం. కడుపు మాత్రం ఎవరి బాధ్యతా కాదు.

అంతకుముందు జాన్ స్టువర్ట్ మిల్ సవతి కూతురు హెలెన్ టేలర్ సౌత్‌వార్క్ నుంచి 1876లో గెలిచి, తొమ్మిదేళ్లు బోర్డులో ఉండి, తన సొంత డబ్బుతో పేద పిల్లలకు మధ్యాహ్న భోజనం, గట్టి బూట్లు ఇప్పించింది. మంచి మనసు. కానీ ఒకరి సొంత డబ్బుతో ఒక విభాగం ఆకలి కూడా తీరదు. అనీబిసెంట్ వాదన వేరు. పిల్లను బడికి రమ్మని చట్టం బలవంతం చేసినప్పుడు, ఆ పిల్లకు అన్నం పెట్టడం కూడా ప్రజల బాధ్యతే, పన్నులోంచే పెట్టాలి అన్నది ఆమె పట్టు. బోర్డు కమిటీ ఒకటి 1889లో విచారించి, బోర్డు బడులకు వచ్చే పిల్లల్లో 40 వేలమందికి పైగా అలవాటుగా ఆకలితోనే వస్తున్నారని తేల్చింది. అంటే ఎనిమిది మందిలో ఒకరు. ఆ ఏడాదే పలు దాతృత్వ సంస్థలను కలిపి లండన్ స్కూల్ డిన్నర్స్ అసోసియేషన్ ఏర్పడింది.

పన్నులోంచి భోజనం మాత్రం డిగిల్ మెజారిటీ ఉన్నంతకాలం రాలేదు. పిల్లలకు తిండి పెడితే తల్లిదండ్రులకు బాధ్యత పోతుందన్నది వాళ్ల సమాధానం. ఈ సమాధానాన్ని తర్వాత తరాల్లో మన దేశంలో కూడా విన్నాం. ఇంగ్లండులో స్థానిక సంస్థలు పన్ను సొమ్ముతో బడిభోజనం పెట్టొచ్చని చట్టం వచ్చింది 1906లో, ఆమె బోర్డు వదిలిన పదిహేనేళ్లకు.

చరిత్ర కొన్నిసార్లు ప్రత్యర్థుల చేత కూడా ఒకే పని చేయిస్తుంది. మద్రాసులో అనీబిసెంట్ హోమ్‌రూల్ ఉద్యమానికి గట్టి విరోధి జస్టిస్ పార్టీ. ఆ పార్టీ స్థాపకుల్లో ఒకరు, తెలుగు మాతృభాషగా గల పిట్టి త్యాగరాయ చెట్టి. ఆయన అధ్యక్షుడిగా ఉన్న మద్రాసు కార్పొరేషన్ 1920లో థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని ఒక కార్పొరేషన్ బడిలో, ఒక్కో పిల్లకు అణాకు మించని ఖర్చుతో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టింది. లండన్‌లో ఆమె అడిగి సాధించలేనిదాన్ని, ఆమె రాజకీయ ప్రత్యర్థులు ఆమె నివాసం ఉన్న నగరంలోనే, ఆమె కళ్లముందే అమలుచేశారు. ఈ రోజు ఆంధ్రప్రదేశ్‌లో డొక్కా సీతమ్మ పేరుతో పిల్లలు తింటున్న బడిభోజనానికి ముందు ఇంత దూరం ఉంది.

మిగిలినవి త్వరగా చెబుతాను. 1890లో లండన్ బోర్డు తొలిసారిగా ఒక వైద్యాధికారిని నియమించుకుంది. 1891లో పార్లమెంటు గ్రాంటు ఇచ్చి ప్రాథమిక బడుల్లో రుసుమును దాదాపు పూర్తిగా తీసేసింది. ఉచిత చదువు ఆమె ఎన్నికల వాగ్దానాల్లో ఒకటి. అది నెరవేరింది, అయితే నెరవేర్చింది కన్సర్వేటివ్ ప్రభుత్వం. 1889 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆమె విభాగంలోని రేవు కూలీలే గంటకు ఆరు పెన్నీల కోసం సమ్మెకట్టి గెలిచారు. అంతకుముందు ఏడాది అగ్గిపెట్టెల అమ్మాయిలు వేసిన దారిలోనే వాళ్లు నడిచారు.

ఇంతలో ఆమె లోపల మరో మార్పు వచ్చింది. 1889లో, దివ్యజ్ఞాన సమాజ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ రాసిన ‘ది సీక్రెట్ డాక్ట్రిన్’ను పత్రిక కోసం సమీక్షించమని సంపాదకుడు స్టెడ్ ఇచ్చాడు. ఆ ఏడాది మే నెలలో అనీబిసెంట్ దివ్యజ్ఞాన సమాజంలో చేరిపోయింది. పదవీకాలం ఆరు నెలలైనా కాలేదు. నాస్తికురాలిగా, సోషలిస్టుగా గెలిచిన మనిషి ఆత్మ, కర్మ, పునర్జన్మ అంటోంది. బ్రాడ్లా బాధపడ్డాడు. ఫేబియన్ మిత్రులు నివ్వెరపోయారు. ఆ నమ్మకం మంచిదా కాదా అన్న చర్చ తర్వాతి భాగాలది. ఇక్కడ చెప్పవలసింది ఒక్కటే. ఆమె బోర్డు పదవిని మధ్యలో వదిలి వెళ్లలేదు, ఎన్నుకున్నవాళ్లకు మూడేళ్లూ పనిచేసింది. కానీ 1891 నవంబరులో మళ్లీ పోటీ చేయలేదు. ఆ ఏడాది జనవరిలో బ్రాడ్లా, మేలో బ్లావట్‌స్కీ కన్నుమూశారు. ఆమె బాట పూర్తిగా మారిపోయింది.

ఒక్క విడతతో ఆగడం నాకు లోటుగానే కనిపిస్తుంది. ఆమెతో గెలిచిన హెడ్లామ్ ఆగలేదు. 1904లో బోర్డు రద్దయ్యేదాకా ఎన్నిక తర్వాత ఎన్నిక గెలుస్తూ, పనిచేసుకునే యువకుల కోసం సాయంత్రపు బడులను నిర్మించాడు. బడి పనిలో ఫలితం చూడాలంటే ఒక పిల్ల ఒకటో తరగతిలో చేరి బయటికి వచ్చేదాకా ఉండాలి. అనీబిసెంట్‌కున్న వాక్శక్తి, టవర్ హామ్లెట్స్‌లో ఆమెకున్న పలుకుబడి మరో రెండు విడతలు బోర్డులో ఉండి ఉంటే, పన్ను సొమ్ముతో భోజనం 1906 దాకా ఆగేది కాదని నా నమ్మకం. ఆ పేటల ఓటర్లు ఆమెను వదులుకోలేదు, ఆమే వాళ్లను వదిలి వెళ్లింది.

బోర్డు రద్దుతో మరో నష్టం జరిగింది. 1902, 1903 చట్టాలు స్కూలు బోర్డులను తీసేసి, చదువును కౌన్సిళ్లకు అప్పగించాయి. లండన్‌లో అది కౌంటీ కౌన్సిల్. లేడీ శాండ్‌హర్స్ట్‌ను కోర్టు ఏ సభ నుంచి బయటికి పంపిందో ఆ సభ. ముప్పై నాలుగేళ్లుగా ఓట్లు గెలిచి బడులు నడిపిన స్త్రీలు ఒక్కసారిగా ఎన్నికకు అనర్హులయ్యారు. కమిటీల్లో నామినేషన్ మీద చోటు ఇస్తామన్నారు. కౌంటీ కౌన్సిళ్లకు స్త్రీలు పోటీ చేసే హక్కు 1907లో గాని రాలేదు. 1870లో తెరిచిన తలుపును పరిపాలనా సంస్కరణ పేరుతో మూసేశారు, గడియ తీయడానికి మళ్లీ పోరాడాల్సి వచ్చింది.

ఆ చిన్న పదవి నేర్పిన పాఠాలను అనీబిసెంట్ ఓడలో వేసుకుని వచ్చింది. భారతదేశంలో ఆమె ముందు చేపట్టినది రాజకీయం కాదు, బడి. 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కాలేజీ, 1915లో మన మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల. హోమ్‌రూల్ లీగ్ వచ్చింది ఆ తర్వాతే, 1916లో. 1917లో అడయారులో మార్గరెట్ కజిన్స్ తదితరులు భారత మహిళా సంఘం పెట్టినప్పుడు దానికి అధ్యక్షురాలు అనీబిసెంటే. స్త్రీలకు ఓటు కావాలని ఆ సంఘం అడిగింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1921లో, ఆస్తి నిబంధనలకు లోబడి, స్త్రీలకు శాసనసభ ఓటు దక్కింది. ఓటు ఉన్న స్త్రీలతో, ఓటు లేని స్త్రీలతో కలిసి ఎన్నిక గెలిచిన అనుభవం అధ్యక్షురాలికి అప్పటికే ఉంది.

టవర్ హామ్లెట్స్ పదవీకాలం ముగిసిన రెండేళ్లకు, 1893 నవంబరు 16న, అనీబిసెంట్ తూత్తుకుడి రేవులో భారతదేశపు నేల మీద కాలు పెట్టింది. అక్కణ్ణుంచి ఆమె చేసిన తొలి యాత్ర, దక్షిణాదిలో ఆమె ఉపన్యాసాలు వినడానికి వచ్చిన జనం, వాళ్లలో కొందరికి ఆమె మాటలు ఎందుకు అంతగా నచ్చాయి, కొందరికి ఎందుకు నచ్చలేదు అన్నవి వచ్చే భాగంలో చెప్పుకుందాం.